పట్నంలో పని లేని వారం

వడ్డేపల్లి, శాంతినగర్, అయిజ, అలంపూర్ వైపు నుంచి పట్నం పోయే ప్రయాణం దాదాపు ఎప్పుడూ పని మీదే. ఆసుపత్రి, కోర్టు వాయిదా, కోచింగ్ ఫీజు, పెళ్లి బట్టలు, హాస్టల్లో ఉన్న పిల్లవాడికి బియ్యం. పొద్దున బస్సెక్కి, పని చూసుకుని, వీలైతే అదే రాత్రికి ఊరు చేరడం అలవాటు. పాలమూరు కూలీలు తరతరాలుగా హైదరాబాద్ భవనాలకు పునాదులు తవ్వారు, ఇటుకలు మోశారు. ఆ నగరం తన సాయంత్రాలు ఎలా గడుపుతుందో చూసే తీరిక మాత్రం వారికీ వారి పిల్లలకీ దొరికింది తక్కువ. సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ నగరంలో ఏ పనీ పెట్టుకోకుండా, కళల కోసం, రుచుల కోసం, మనుషుల కోసం ఒక వారం గడపడం ఎలాగన్నదే ఈ అధ్యాయంలోని విషయం.

ముందుగా పోగొట్టుకోవలసింది బెరుకు. ‘అవన్నీ పెద్దోళ్లకు, మనకెందుకు’ అనే మాట ఊళ్లలో తరచూ వినిపిస్తుంది. ఈ నేల చరిత్ర ఆ మాటను ఒప్పుకోదు. పండితులను ఆదరించినందుకే గద్వాల సంస్థానానికి ‘విద్వద్గద్వాల’ అని పేరు వచ్చింది. కార్తీక, మాఘ మాసాల్లో అక్కడ జరిగే సభలకు దూరదూరాల నుంచి కవులు వచ్చి, పద్యాలు వినిపించి, సత్కారం అందుకుని వెళ్లేవారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు తిరిగిన అవధానుల్లో తిరుపతి వేంకట కవులు కూడా ఉన్నారు. 1953 జనవరిలో ఆంధ్ర సారస్వత పరిషత్తు వార్షిక సభలు అలంపూర్‌లోనే జరిగాయి. గడియారం రామకృష్ణశర్మ పూనుకుని జరిపించిన ఆ సభలకు అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. హైదరాబాద్‌లో 1926లో గోలకొండ పత్రిక పెట్టి, 1934లో 354 మంది తెలంగాణ కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చిన సురవరం ప్రతాపరెడ్డిది అలంపూర్ ప్రాంతంలోని ఇటికాలపాడు. సభలో కూర్చోవడం, పద్యం వినడం, కళాకారుణ్ణి ఇంటికి పిలిచి అన్నం పెట్టడం ఇక్కడివారికి కొత్త విద్యలేమీ కావు. నగరంలో వాటి చిరునామా మారుతుంది, అంతే.

వారం ఎంచుకోవడంలో జనవరి చివరి రోజులకు సాటి లేదు. విత్తనపత్తి చేలల్లో క్రాసింగ్ పని అప్పటికి ఎప్పుడో ముగిసి ఉంటుంది. మిరప వేసినవాళ్లు మాత్రం కోతలు చూసుకుని బయల్దేరాలి. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు నడుస్తుంది. హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్ సాధారణంగా జనవరి చివరి వారాంతంలో వస్తుంది. పుస్తకాలే ముఖ్యమనుకునేవారు ఈ వారాన్ని డిసెంబరుకు జరుపుకుంటే ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన దొరుకుతుంది. ఒక్క సంగతి మాత్రం పంచాంగంలో చూసుకోవాలి. వసంత పంచమితో ముగిసే జోగులాంబ అమ్మవారి వార్షిక బ్రహ్మోత్సవాలు కొన్ని ఏళ్లలో సరిగ్గా ఈ రోజుల్లోనే పడతాయి. ఇంటి దగ్గరి ఉత్సవం వదులుకుని నగరానికి పరుగెత్తడం తగదు; అలాంటి ఏడు ప్రయాణాన్ని వారం ముందుకో వెనక్కో జరపాలి.

ఇలాంటి వారాలు పాడయ్యేది ఎక్కువగా అత్యాశ వల్ల. చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్, నెక్లెస్ రోడ్డు అన్నీ రెండు రోజుల్లో చుట్టేసి, మూడో రోజుకు కాళ్లనొప్పులతో చుట్టాలింట్లో టీవీ ముందు కూర్చునేవారు చాలామంది. రోజుకు ఒక్క ముఖ్య కార్యక్రమం చాలు. అది సాయంత్రం ఉంటే పగలు దాని చుట్టుపక్కల ప్రాంతంలోనే గడపాలి. ఉదయం మాదాపూర్, మధ్యాహ్నం పాతబస్తీ, రాత్రి చిక్కడపల్లి అని పెట్టుకుంటే రోజులో సగం రోడ్డు మీదే పోతుంది. జాతరకు పోయినవారు మూడు రోజులు ఒకే చోట ఉండి, వండుకుని, రాత్రి నాటకం చూసి, పక్క బండి వాళ్లతో చుట్టరికం కలుపుకుని వస్తారు కదా, నగరంలో వారం గడపడానికి కావలసిన ఓపిక కూడా అదే.

కార్యక్రమాలు తెలుసుకోవడం కష్టం కాదు. దినపత్రికల హైదరాబాద్ పేజీల్లో ఆ రోజు నగరంలో జరిగే సభలు, ప్రదర్శనలు వేళతో సహా వేస్తారు. బయల్దేరే ముందే రెండు మూడు రోజుల పత్రికలు తిరగేస్తే ఏ హాలులో ఏ తరహా కార్యక్రమాలు జరుగుతాయో అర్థమవుతుంది. నగరంలో దిగాక రవీంద్రభారతి ప్రాంగణంలోకి ఒకసారి వెళ్లి అక్కడి బ్యానర్లు చదవడం ఇంకా మంచి పద్ధతి. టాగూర్ శతజయంతి సందర్భంగా కట్టిన ఈ భవనం 1961లో ప్రారంభమైంది. కూచిపూడి, నాటకం, కవిసమ్మేళనం, సన్మానసభ ఏదో ఒకటి అక్కడ జరుగుతూనే ఉంటుంది, చాలావాటికి టికెట్ ఉండదు. పై అంతస్తులోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్‌లో కొత్త దర్శకుల లఘుచిత్రాలు వేస్తుంటారు.

చిక్కడపల్లి గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. గ్రూప్స్ పరీక్షలకు, కానిస్టేబుల్ కొలువులకు చదివే పాలమూరు పిల్లలు వేలల్లో ఉండేది అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధుల్లోనే. పొద్దున్నే నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ పట్టుకుని, రాత్రి గదికి చేరి, ఏళ్లకేళ్లు అక్కడే గడిపేవారున్నారు. ఆ గ్రంథాలయానికి నడిచి వెళ్లేంత దూరంలోనే త్యాగరాయ గానసభ ఉంది. అక్కడ దాదాపు ప్రతి సాయంత్రం సంగీత కచేరీయో, నాటికో, పుస్తకావిష్కరణో ఉంటుంది. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం కూడా దూరమేమీ కాదు. అక్కడ సాహిత్య సభలు, చర్చలు జరుగుతాయి. పరీక్షల ఒత్తిడిలో ఉన్న పిల్లలు వారానికి ఒక సాయంత్రం ఈ రెండింటిలో ఒకచోట కూర్చుంటే చదువుకు నష్టమేమీ లేదు. తెలంగాణ సంస్కృతి, సాహిత్యం పరీక్షలోనూ అడుగుతారు. పేజీల్లో బట్టీ పట్టే ఒగ్గుకథను ఒకసారి డోలు చప్పుడుతో వింటే మళ్లీ మరిచిపోరు. ఊరి నుంచి వెళ్లే తల్లిదండ్రులు కూడా తమ వారంలో ఒక సాయంత్రం ఇక్కడ పెట్టుకుని, పిల్లవాణ్ణి గదిలోంచి లేపి తీసుకుపోవాలి. గదిలో కూర్చుని ‘ఎట్ల చదువుతున్నవ్ బిడ్డా’ అని అడిగితే రాని మాటలు, కచేరీ అయ్యాక చాయ్ తాగుతుంటే వాటంతట అవే వస్తాయి.

సభకు వెళ్లేవారికి కొన్ని మర్యాదలు తెలిసి ఉండాలి. ఆహ్వానపత్రం అడుగున ‘అందరూ ఆహ్వానితులే’ అని ఉంటే అది నిజంగా అందరికీ వర్తిస్తుంది. తలుపు దగ్గర ఎవరూ ఆపరు, ఎవరి తరఫున వచ్చారని అడగరు. ఆరు గంటల సభ ఆరున్నరకో ఏడుకో మొదలవడం మామూలే. అయినా ఆరుకే చేరడం లాభం, ఎందుకంటే అసలు మాటలు ఆ అరగంటలోనే వరండాలో దొరుకుతాయి. మొదటి వరుస కుర్చీలు వక్తలకు, పెద్దలకు వదిలేసి మూడో నాలుగో వరుసలో కూర్చోవాలి. ఫోన్ చప్పుడు ఆపేయాలి. మధ్యలో లేవవలసి వస్తే ఒక అంశం ముగిసి చప్పట్లు మోగేదాకా ఆగాలి. శాస్త్రీయ సంగీతం తెలియదని వెనుకాడనక్కర్లేదు. పక్కన చేత్తో తాళం వేస్తున్న పెద్దాయనను చూస్తూ కూర్చుంటే గంటలో తాళం చెవికి పడుతుంది.

నాటకాల్లో సురభి వారి ప్రదర్శన ఆ వారంలో దొరికితే మిగతావి పక్కన పెట్టయినా చూడాలి. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు నాంది పలికిన నాటక కుటుంబం అది. తరాలు గడిచినా ఇంటిల్లిపాదీ రంగస్థలం మీదే బతికారు, వారి వారసులు ఇప్పుడు శేరిలింగంపల్లిలో స్థిరపడ్డారు. వారి మాయాబజార్‌లో గాలిలో ఎగిరే పాత్రలు, క్షణంలో మారే తెరలు, ఎదురెదురుగా వచ్చే బాణాలు చూసిన పిల్లలకు సినిమా గ్రాఫిక్స్ కన్నా అది ఎక్కువ గుర్తుంటుంది. తాడు ఎక్కడ కట్టారో వెతకడంలోనే వారికి సగం సంతోషం.

నుమాయిష్‌కు ఒక సాయంత్రం పూర్తిగా ఇవ్వాలి. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘం వారి ఆర్థిక సమితి పబ్లిక్ గార్డెన్స్‌లో దీన్ని మొదలుపెట్టింది. ఏడో నిజాం ప్రారంభించిన ఆ ప్రదర్శన 1946లో ఇప్పటి మైదానానికి మారింది. ఎగ్జిబిషన్ సొసైటీకి వచ్చే ఆదాయంతో మహిళా కళాశాలలతో సహా అనేక విద్యాసంస్థలు నడుస్తున్నాయి, కాబట్టి టికెట్ డబ్బులు మంచి చోటికే చేరుతున్నాయి. కశ్మీరీ శాలువలు, లక్నో చికన్ కుట్టు, రాజస్థానీ ఊరగాయలు, పిల్లల రైలు, రంగులరాట్నాలు అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. శని, ఆదివారాల్లో అడుగు తీసి అడుగు వేయలేనంత జనం ఉంటారు. మంగళ, బుధవారాలు మేలు. సాయంత్రం నాలుగు దాటగానే వెళితే దుకాణదారులకు మాట్లాడే తీరిక ఉంటుంది. గద్వాల వైపు నుంచి వెళ్లినవారు చేనేత దుకాణం దగ్గర సిగ్గుపడకుండా మాట కలపాలి. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు ఎలా అతుకుతారో తెలిసినవారి ప్రశ్నలు నేతకారుకు వెంటనే నచ్చుతాయి. మెట్రోలో వచ్చేవారు గాంధీభవన్ స్టేషన్‌లో దిగితే మైదానం పక్కనే. పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టడం మరవరాదు.

పాతబస్తీకి శుక్రవారం వద్దు. ఆ రోజు సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ మూసి ఉంటాయి, మక్కా మసీదు చుట్టూ నమాజు రద్దీ ఉంటుంది. 1951లో దివాన్ దేవిడీలో తెరిచిన సాలార్‌జంగ్ మ్యూజియం 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి వచ్చింది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోగుచేసిన వస్తువులన్నీ ఒక్క రోజులో చూడాలనుకోవడం కళ్లకు శిక్ష. ముందే మూడు గదులు అనుకుని, వాటి ముందే నిలబడాలి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా దగ్గర అందరూ ఫోటో తీసుకుని కదిలిపోతారు. అక్కడ పది నిమిషాలు ఆగి, పాలరాయిలో ముఖం మీది పలచటి బట్ట ఎలా కనిపిస్తుందో పక్క నుంచి, కింద నుంచి చూస్తే రాతి పని తెలిసిన వడ్డెర మేస్త్రీ మనవడికైనా ఆశ్చర్యం ఆగదు. గంట గంటకూ చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం ముందు మధ్యాహ్నం పన్నెండుకు జనం ఎక్కువ. పది నిమిషాల ముందే కుర్చీ చూసుకోవాలి.

ఇక తిండి. హైదరాబాద్ పేరు చెప్పగానే బిర్యానీ అనడం సహజం, పచ్చి మాంసానికి మసాలా పట్టించి, సగం ఉడికిన బియ్యం పరిచి, పిండితో మూత అంటించి దమ్ పెట్టే ఆ వంటకు పేరు ఊరికే రాలేదు. అయితే వారం రోజులూ రెండు పూటలా బిర్యానీ తింటే నాలుగో రోజుకు కడుపు ఎదురుతిరుగుతుంది. ఒక పూట సరిపోతుంది, అదీ మధ్యాహ్నమే, ముగ్గురు కలిసి రెండు ప్లేట్లు తెప్పించుకుని. నగరం అసలు రుచి ఉదయాల్లో ఉంది. పాతబస్తీలో తెల్లవారకముందే దిగే పాయా, నిహారీ, మొజంజాహీ మార్కెట్ దగ్గర పొద్దెక్కకముందే గుంపు చేరే దోసె బండ్లు, చార్మినార్ పక్క నిమ్రా కేఫ్‌లో ఉస్మానియా బిస్కెట్టు ఊరి మనిషికి పెద్ద ఖర్చు లేకుండా దొరికేవే. ఇరానీ చాయ్‌లో డికాక్షన్ విడిగా మూతపెట్టి మరుగుతుంది, పాలు విడిగా చిక్కబడతాయి, కప్పులోనే రెండూ కలుస్తాయి. ‘భాయ్, వన్ బై టూ’ అంటే ఒక చాయ్ రెండు కప్పుల్లో వస్తుంది. అడగడంలో నామోషీ ఏమీ లేదు, నగరమంతా అలాగే తాగుతుంది. ఇరానీ హోటల్లో బల్ల ఖాళీ లేకపోతే ఎవరి ఎదుటైనా కూర్చోవచ్చు. అపరిచితులతో మాట మొదలుపెట్టడానికి హైదరాబాద్‌లో ఇంతకన్నా సులువైన చోటు లేదు.

హలీం రుచి చూడాలంటే రంజాన్ నెల అసలు కాలం. గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి గంటల తరబడి భట్టీ మీద కర్రతో దంచి చేసే హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి రాబోయే కొన్నేళ్లు అది చలికాలంలోకే వస్తుంది. ఆ తేదీలకు తగ్గట్టు వారాన్ని కదుపుకోవచ్చు. మాంసం తినని వారికీ లోటు లేదు. కోఠి గోకుల్ చాట్, మొజంజాహీ మార్కెట్‌లోని పండ్ల ఐస్‌క్రీంతో ఒక సాయంత్రం నిండిపోతుంది. జొన్నరొట్టె కూడా ఇప్పుడు నగరంలో రోడ్డు పక్కన పొయ్యి పెట్టి కాల్చి అమ్ముతున్నారు. ఆ బండ్లు నడిపే అక్కల్లో పాలమూరు వాళ్లు తగిలితే అక్కడే ఒక చుట్టరికం కలుస్తుంది.

మాదాపూర్ వైపు ఒక రోజు చాలు. శిల్పారామంలో చేతివృత్తుల దుకాణాలు, వారాంతపు సాయంత్రాల్లో ఆరుబయట నాట్యప్రదర్శనలు ఉంటాయి. అక్కడి ఆర్ట్ గ్యాలరీలో చిత్రకళా ప్రదర్శనలు ఉచితంగా చూడవచ్చు. బొమ్మ అర్థం కాకపోతే గీసినవారిని అడగడమే. బంజారాహిల్స్‌లోని లామకాన్‌లో యువతరం ఎక్కువ. 2010 నుంచి నడుస్తున్న ఆ ఇంటి ఆవరణలో నాటకాలు, గజళ్లు, చర్చలు జరుగుతాయి, చాయ్ సమోసాలు చవక.

వసతి సంగతి నాజూకైనది. చుట్టాలింట్లో దిగడం మన పద్ధతి. వాళ్లది రెండు గదుల ఇల్లు, ఇద్దరూ ఉద్యోగాలకు పోయేవాళ్లు అయితే వారమంతా ఉండటం వాళ్లకు భారమే. మొదటి మూడు రోజులు అక్కడ, మిగతావి లాడ్జిలోనో మరో బంధువింటిలోనో అనుకుని ముందే చెబితే ఇద్దరికీ హాయి. జొన్నపిండి, కొత్త కారంపొడి, పల్లీలు మూటగట్టుకుని వెళ్లడం ఎవరూ చెప్పకుండానే చేసే పని. దానికి తోడు రాత్రి ఎన్నింటికి వస్తారో పొద్దున్నే చెప్పడం, వారంలో ఒక సాయంత్రం ఆ ఇంటివాళ్లను కూడా నాటకానికి తీసుకుపోవడం కావాలి. నగరంలో పాతికేళ్లుగా ఉంటూ రవీంద్రభారతి గడప తొక్కని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మ పిలిస్తే వాళ్లూ కదులుతారు.

రాకపోకలకు ఆర్టీసీ బస్సులో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ చేరవచ్చు, లేదా గద్వాలలో తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాచిగూడలో దిగవచ్చు. తెలంగాణ మహిళలకు 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో, నగర ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, ఆధార్ కార్డు దగ్గరుంటే సరి. బస్ స్టేషన్‌ను ఆనుకునే మెట్రో స్టేషన్ ఉంది. అక్కడి నుంచి చిక్కడపల్లికి నేరుగా రైలు ఉంటుంది, మాదాపూర్ వైపు పోవాలంటే అమీర్‌పేటలో మారాలి. చివరి రైలు వేళ ముందే చూసుకుంటే సభ చివర్లో గుండె దడ ఉండదు.

ఎన్ని చూసినా, మనుషులతో మాట కలవకపోతే ఆ వారం సగమే. కార్యక్రమం అయ్యాక వెంటనే బయటపడకుండా పదిహేను నిమిషాలు ఆగడం అలవాటు చేసుకోవాలి. రచయిత దగ్గరికి వెళ్లి ‘చాలా బాగుంది సార్’ అంటే ఆయన నమస్కారం పెట్టి పక్కవారి వైపు తిరుగుతాడు. ‘సార్, మాది గద్వాల దగ్గర వడ్డేపల్లి. మీ కథలో ముసలామె మాట్లాడినట్టే మా అవ్వ మాట్లాడుతుంది’ అంటే ఆగి, ఊరి సంగతులు అడుగుతాడు. చెప్పే విషయం నిర్దిష్టంగా ఉండాలి, ఊరి పేరు ఉండాలి, పొగడ్త తక్కువ ఉండాలి. ఆవిష్కరించిన పుస్తకం ఒక ప్రతి డబ్బిచ్చి కొనడం ఏ శాలువాకన్నా పెద్ద మర్యాద. నంబర్లు తీసుకున్నవారికి ఊరు చేరాక రెండు రోజుల్లో, కలిసిన చోటు గుర్తుచేస్తూ చిన్న సందేశం పంపాలి.

పిలుపు రెండు వైపులా ఉంటేనే పరిచయం నిలుస్తుంది. నగరంలో కలిసిన చిత్రకారుణ్ణి, గాయకురాలిని, నాటకం వాళ్లను ఊరికి పిలవడానికి ఈ ప్రాంతానికి కావలసినంత ఉంది. చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాల శిల్పం, గద్వాల కోటలో కేశవస్వామి గుడి, మగ్గం ముందు కూర్చున్న నేతకారు చేతులు, కృష్ణా తుంగభద్రల నడుమ వరిచేలు, ఇంట్లో జొన్నరొట్టె, నాటుకోడి. బడిలోనో గ్రంథాలయంలోనో వారితో పిల్లల కోసం ఒక గంట మాట్లాడించవచ్చు. దానికి మైకు, ఇరవై కుర్చీలు చాలు. జోగులాంబ బ్రహ్మోత్సవాల రోజుల్లో పిలిస్తే అన్నీ ఒకేసారి చూపించవచ్చు. వసంత పంచమి తేదీ చూసి కనీసం పదిహేను రోజుల ముందు చెబితే ఉద్యోగాలు చేసేవారికి సెలవు దొరుకుతుంది, గద్వాల రైలుకు టికెట్లూ దొరుకుతాయి.